యంత్రము వ్రాసే చిట్టా, దానిని చదువవలసిన మనిషి

(రైల్వే, తపాలా ఉద్యోగుల శాఖా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వేతనములను గురించి, పింఛనును గురించి, ఖాళీల భర్తీని గురించి మాట్లాడవలసిన మిత్రులు మా తరువాత ఉన్నారు. మేము ఎన్నుకొన్న విషయము పైకి చాల చిన్నదిగా కనిపించవచ్చును. మీ కౌంటరు మీద కంప్యూటరు తెర చూపించే ఒక పంక్తి, మీ రిలే గదిలో డేటా లాగరు తనలో తాను వ్రాసుకొనే ఒక పంక్తి, ఎక్కడో దూరాన ఉన్న కేంద్ర యంత్రములో రాత్రింబవళ్ళు పేరుకొనిపోయే లక్షలాది పంక్తులు: ఇవి ఎవరికి అర్థమయ్యేటట్లు వ్రాయబడాలి అన్నదే మా ప్రశ్న. కార్మిక సంఘానికి ఇది ఏమి పని అని కొందరు మిత్రులు అడిగినారు. వారికి జవాబుగా ముందు జరిగిన సంగతి ఒకటి చెప్పి మొదలు పెడతాము.

అది ఒక చిన్న కార్యాలయము. ఒక్కడే ఉద్యోగి. మధ్యాహ్నము మూడున్నర ప్రాంతములో ఒక రైతు పది వేల రూపాయలు పొదుపు ఖాతాలో వేయడానికి వచ్చినాడు. మన సోదరుడు నోట్లు లెక్కించుకొని, ఖాతా సంఖ్య కొట్టి, మీట నొక్కినాడు. చాలసేపు చక్రము తిరిగిన తరువాత తెర మీద ఇంగ్లీషులో ఒక పంక్తి వచ్చినది: 'ఎర్రర్ 504. ట్రాన్సాక్షన్ ఫెయిల్డ్.' ఫెయిలు అయినదని యంత్రమే చెప్పినది గనుక ఆయన మరల కొట్టినాడు. ఈసారి పూర్తి అయినది. రైతు పాసుబుక్కు తీసుకొని వెళ్ళిపోయినాడు. సాయంత్రము లెక్క కట్టి చూస్తే పెట్టెలో పది వేలు తక్కువ.

జరిగినది ఏమిటి? మొదటిసారి కూడ డబ్బు ఖాతాలో పడినది. పడినదన్న జవాబు మాత్రమే దారిలో పోయినది. 504 అనే అంకెకు యంత్రముల లోకములో ఉన్న అర్థము ఇంతే: మధ్యనున్న యంత్రము పై యంత్రము జవాబు కొరకు ఎదురు చూచినది, గడువులోగా జవాబు రాలేదు. పని జరిగినదని గాని జరుగలేదని గాని ఆ అంకె చెప్పదు. తెలియదు అని చెప్పవలసిన చోట, ప్రోగ్రాము వ్రాసిన వారెవరో 'ఫెయిల్డ్' అనే మాట పెట్టినారు. రైతు ఖాతాలో ఇరవై వేలు కనిపించినవి, ఎరువులకు తీసుకొన్నాడు. పది వేలు మన సోదరుడు అప్పు చేసి కట్టినాడు. పైగా అజాగ్రత్త అని ఒక మెమో. ఆరు నెలలు ఆ మనిషి పడిన అవస్థ మేము కళ్ళారా చూచినాము. ఆ తెర మీద 'జమ అయినదో లేదో ఇంకా తెలియదు, మరల కొట్టకండి, పది నిమిషముల తరువాత ఖాతా నిల్వ చూచి నిర్ణయించండి' అని ఒక్క వాక్యము ఉండి ఉంటే ఈ కథ లేదు.

తపాలా సోదరులకు ఇది కొత్త పాఠము కాదు. రిజిస్టరు తపాలా 2025లో స్పీడ్ పోస్టులో విలీనమైనది గాని, దానితో వెళ్ళిన రసీదు కార్డును మనలో ఎవరు మరచిపోతారు? కార్డు తిరిగి రాకపోతే 'ఉత్తరము అందలేదు' అని మనము ఎన్నడూ వ్రాయలేదు. 'కార్డు రాలేదు' అని వ్రాసినాము, విచారణ చేసినాము. తెలిసినదానికి, తెలియనిదానికి మధ్య గీత గీయడము మన వృత్తిలో మొదటి క్రమశిక్షణ. మన పనిని లెక్కగట్టే యంత్రమునకు ఆ క్రమశిక్షణ నేర్పించమని అడగడమే మన కోరిక.

ఇప్పుడు 'లాగ్' అనే మాటను గురించి. పూర్వము ఓడ వేగము తెలుసుకొనడానికి ముడులు వేసిన త్రాటికి ఒక కొయ్యముక్క కట్టి సముద్రములోకి విడిచేవారు. ఎన్ని ముడులు సాగినవో ఒక పుస్తకములో వ్రాసేవారు. కొయ్యముక్క పేరే పుస్తకమునకు వచ్చినది. మనకు దీనికి పరాయి మాట అవసరము లేదు. మన వర్తకులకు చిట్టా ఉన్నది, ఆవర్జా ఉన్నది. జరిగినది జరిగిన వరుసలో, జరిగిన వెంటనే వ్రాసేది చిట్టా. దానినుండి పద్దుల వారీగా ఏరి వ్రాసుకొనేది ఆవర్జా. తగవు వచ్చినప్పుడు పెద్దమనుషులు చిట్టా తెమ్మనేవారు. యంత్రము వ్రాసే లాగు చిట్టాయే. విచారణలలో మన ముందు పెట్టేది మాత్రము తరచుగా ఆవర్జా.

చిట్టా ఉన్నంత మాత్రాన న్యాయము జరుగదని మన పల్లెలకు బాగా తెలుసును. కరణముగారి లెక్కలు గొలుసుకట్టు వ్రాతలో ఉండేవి. అక్షరమునకు అక్షరము తగిలించి కలము ఎత్తకుండ వ్రాసిన ఆ వ్రాతను చదువుకొన్న రైతు కూడ చదువలేకపోయేవాడు. భూమి రైతుది, శిస్తు రైతుది, లెక్క మాత్రము ఆయనకు అందని అక్షరములలో. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణము, మునసబు పదవులు రద్దు అయినవి. ఇన్ని సంవత్సరముల తరువాత మరల మన కౌంటరు మీదికి గొలుసుకట్టు వచ్చి కూర్చున్నది. ఈసారి వ్రాసేవాడు మనిషి కాదు, అంతే తేడా.

రైల్వే సోదరుల సంగతి చూద్దాము. డేటా లాగరు అంటే రిలే గదిలో ప్రతి రిలే ఎప్పుడు ఎత్తుకొన్నదో, ఎప్పుడు పడిపోయినదో సెకనులో చిన్న భాగముతో సహా వ్రాసిపెట్టే యంత్రము. '101 ఎన్.డబ్ల్యు.కె.ఆర్. డౌన్' అని అది ఒక పంక్తి వ్రాస్తుంది. సిగ్నలు మెయింటెయినరుకు ఇందులో ప్రతి అక్షరమూ అర్థమున్నదే: ఎన్ అంటే నార్మలు, డబ్ల్యు అంటే పాయింటు, కె అంటే సూచన, చివరి ఆర్ రిలే. మొత్తము మీద, 101వ పాయింటు నార్మలులో ఉన్నదన్న సూచన పోయినది అని భావము. ఈ పొట్టి పేర్లను మేము తప్పు పట్టడము లేదు. సర్క్యూటు పటములో ఉండవలసిన పేర్లు అవే. వాటిని నేర్చుకొనడములో ఒక చదువు ఉన్నది, ఆ చదువుకు మా గౌరవము ఉన్నది. కాని అదే పంక్తి అర్ధరాత్రి కంట్రోలులో ఉన్న వారి ముందుకు వస్తుంది. మరుసటి వారము విచారణలో స్టేషను మాస్టరు ముందుకు వస్తుంది. వారికి ఈ అక్షరములు ఏమి చెప్పవలెను?

పైగా ఆ పంక్తి ఒంటరిగా రాదు. ఒక బండి స్టేషను దాటితే ట్రాకు సర్క్యూట్లు వరుసగా పడి లేస్తవి, సిగ్నళ్ళు ఎరుపునకు మళ్ళుతవి, దీపముల రిలేలు మారుతవి. అంతా సక్రమముగా జరిగిన ప్రయాణమే పంక్తుల మీద పంక్తులు అవుతుంది. పాయింటు త్రిప్పినప్పుడు నార్మలు సూచన పోవడము సహజమే; కొన్ని సెకన్లలో రివర్సు సూచన రావలెను. రాకపోతేనే అది వైఫల్యము. కాబట్టి 'సూచన పోయినది' అనే పంక్తిలో వార్త లేదు. తరువాత రావలసిన పంక్తి రాలేదన్నదే వార్త. రాని పంక్తిని చదువమని మనిషిని అడగడము అన్యాయము కాదా? ఆ పని యంత్రమే చేసి, '14 గంటల 7 నిమిషముల 32 సెకన్లకు 101వ పాయింటును రివర్సునకు త్రిప్పినారు. గడువులోగా రివర్సు సూచన రాలేదు, నార్మలు సూచన కూడ లేదు. పాయింటు ఎటు ఉన్నదో తెలియదు' అని వ్రాయవచ్చును. దాని క్రింద పొట్టి పేర్ల పంక్తులన్నీ ఉండనే ఉంటవి, కావలసిన వారు చూచుకొంటారు.

'త్రిప్పినారు' అన్నదానికి 'తిరిగినది' అన్నదానికి ఉన్న భేదమును సిగ్నలు ఉద్యోగులకు మేము చెప్పనక్కరలేదు. లీవరు లాగితే చాలదు, పాయింటు నిజముగా కదలి బిగుసుకొన్నదని విడిగా కనుగొని వచ్చిన సూచననే నమ్ముతాము. ఈ భేదము తెలియని చోట ఏమి జరిగినదో ఒక్క ఉదాహరణ. 1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రములో ఒక వాల్వు తెరచుకొని ఉండిపోయినది. నియంత్రణ గదిలోని దీపము మాత్రము ఆరిపోయినది. ఆ దీపము వాల్వు మూసుకొన్నదని చెప్పేది కాదు. మూసుకొమ్మని ఆజ్ఞ వెళ్ళినదని మాత్రమే చెప్పేది. అక్కడి ఉద్యోగులు మూసుకొన్నదనే అనుకొన్నారు. రెండు గంటలకు పైగా శీతలజలము బయటికి పోయినది. మొదటి నిమిషములలోనే వందకు పైగా హెచ్చరికలు మ్రోగినవి. హెచ్చరికలను కాగితము మీద వ్రాసే ప్రింటరు ఆ వరదను తట్టుకొనలేక వెనుకబడిపోయినది. ఒక దశలో అది వ్రాస్తున్నది రెండు గంటల పైచిలుకు నాటి సంగతి. చిట్టా ఉన్నది, నిజమైన చిట్టాయే. చదువవలసిన క్షణములో చదువగలిగినట్లు లేదు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పవలెను. చదువ వచ్చినంత మాత్రాన చిట్టా నిజము అయిపోదు. 2023 జూన్ 2న బహనగా బజార్ స్టేషనులో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుకు పచ్చ సిగ్నలు వచ్చినది. పాయింటు లూపు లైనుకు ఉన్నది. 290 మందికి పైగా ప్రాణములు పోయినవి. సిగ్నలు సర్క్యూటు మార్పులలో జరిగిన లోపములే కారణమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది. తీగ తప్పుగా కలిసి ఉంటే ఆ తీగ చెప్పినదే యంత్రము నమ్ముతుంది, వ్రాస్తుంది. అందమైన తెలుగులో వ్రాసినా అది తప్పే. కావున ప్రతి పంక్తి తాను ఎవరి మాట మీద చెప్పుతున్నదో కూడ చెప్పవలెను: పాయింటును చూచి చెప్పుతున్నదా, ఒక రిలేను చూచి చెప్పుతున్నదా, లేక మరియొక యంత్రము చెప్పినదానిని తిరిగి చెప్పుతున్నదా.

ఇక మన విషయములో అత్యంత దుఃఖకరమైన అధ్యాయము, బ్రిటిష్ తపాలా శాఖది. అక్కడి పోస్టాఫీసులలో 1999 నుండి హొరైజన్ అనే కంప్యూటరు లెక్కల విధానము ప్రవేశపెట్టినారు. సరఫరా చేసినది ఫుజిట్సు యాజమాన్యములోని సంస్థ. కాంట్రాక్టు మీద కార్యాలయములు నడిపే సబ్‌పోస్టుమాస్టర్ల పెట్టెలలో, చేయని తప్పునకు లోటు కనిపించడము మొదలైనది. లోటు కనిపిస్తే పూడ్చవలసినది వారే. వారు సహాయ కేంద్రమునకు ఫోను చేసినారు; యంత్రము సరిగానే ఉన్నదన్నారు. 1999, 2015 సంవత్సరముల మధ్య 900 మందికి పైగా దొంగలుగా, మోసగాళ్ళుగా శిక్షింపబడినారు. ఇండ్లు అమ్ముకొన్నారు, జైళ్ళకు వెళ్ళినారు. ఈ వ్యవహారము వలన కనీసము 13 మంది ఆత్మహత్య చేసుకొని ఉండవచ్చునని విచారణ సంఘము 2025 జూలై నివేదికలో చెప్పినది.

దీనిలో మనము గమనించవలసినది ఏమిటి? యంత్రములో లోపములు ఉండడము ఒక ఎత్తు. ఆ లోపముల చిట్టా ఉన్నదన్నది మరియొక ఎత్తు. ఫుజిట్సు వారి వద్ద తెలిసిన లోపముల చిట్టా ఒకటి ఉండేది. సహాయము చేసే ఇంజనీర్లు దానిని చూచుకొనేవారు. కౌంటరు వద్ద కూర్చున్న మనిషికి దాని ఉనికి కూడ తెలియదు. లావాదేవీల అసలు చిట్టా కావలెనంటే పోస్టాఫీసు సంస్థ ఫుజిట్సుకు అర్జీ పెట్టవలెను; ఒప్పందము ప్రకారము ఏడాదికి ఇన్ని అర్జీలు అనే పరిమితి ఉండేది. లోటు ఎవరి నెత్తిన పడినదో వారి చేతికి చిట్టా రాదు. వచ్చినా వారు చదువగల భాషలో ఉండదు. కోర్టులు కూడ కంప్యూటరు సక్రమముగా పనిచేసినట్లే భావించి ముందుకు నడచినవి. అలన్ బేట్స్ అనే సబ్‌పోస్టుమాస్టరు మొదలైన 555 మంది కలసి వేసిన వ్యాజ్యములో 2019 డిసెంబరులో హైకోర్టు న్యాయమూర్తి ఫ్రేజర్, ఆ విధానములో లోపములు ఉన్నవని, అవి లెక్కలలో లోటు కలిగింపగలవని తీర్పు చెప్పినారు. 2021 ఏప్రిల్‌లో 39 మంది శిక్షలు రద్దు అయినవి. 2024లో పార్లమెంటు చట్టము చేసి మిగిలిన వందలాది శిక్షలను రద్దు చేసినది. ఇరవై ఏండ్లు పట్టినది.

ఇది దూరదేశపు కథ అని అనుకొనవద్దు. మన నిబంధనలలో జీతము నుండి నష్టము రాబట్టడము చిన్న శిక్షల జాబితాలో ఉన్నది. చిన్న శిక్ష గనుక పూర్తి విచారణ జరుపకుండ, సంజాయిషీ తీసుకొని వేయవచ్చును. తపాలా వారికి 1965 నాటి నియమములలో 16వ నియమము, రైల్వే వారికి 1968 నాటి నియమములలో 11వ నియమము. జాబితాలో 'చిన్నది' అని పేరున్న శిక్ష ఒక కుటుంబమునకు ఎంత పెద్దది కాగలదో పై కథలోని సోదరుని అడగండి.

గడియారముల సంగతి కూడ చెప్పవలెను, ఎందుకంటే ఇది చూడడానికి చిల్లరగా ఉండి మనిషిని ముంచుతుంది. ప్రతిదినము 16 గంటలకు కంట్రోలు నుండి సమయము ఇస్తే స్టేషను గడియారము సరిచూచుకొనే ఆచారములో పెరిగినవాళ్ళము మనము. ఒక చోట మా సభ్యుడు ఒకరికి నోటీసు వచ్చినది: ఫలానా 11వ తేదీ 20 గంటల 40 నిమిషములకు మీ డ్యూటీలో ఒక మీట అనవసరముగా నొక్కబడినది, సంజాయిషీ చెప్పండి అని. ఆయన ఆ వేళ డ్యూటీలోనే ఉన్నాడు గాని అటువంటి పని చేసిన గుర్తు లేదు. మూడు వారములు ఆయనకు నిద్ర లేదు. చివరకు ఒక యువ ఇంజనీరు చిట్టా మొదటి పేజీ చూచి, ఈ యంత్రము గ్రీనిచ్ కాలములో వ్రాస్తున్నదండీ అన్నాడు. ఐదున్నర గంటలు కలిపితే అది 12వ తేదీ తెల్లవారుజాము 2 గంటల 10 నిమిషములు. అప్పటికి మా సభ్యుడు ఇంటిలో ఉన్నాడు. ఆ వేళ డ్యూటీలో ఉన్నవాడు మీట నొక్కినది మరమ్మతు కొరకు, డైరీలో కారణము వ్రాసి. తప్పు చేసినవారెవరూ లేరు. కాలము ఏ లెక్క ప్రకారమో ఒక్క మాట వ్రాయని పంక్తియే తప్పు చేసినది.

ఇటువంటివి యంత్రముల లోకములో చాల ఉన్నవి. 1980ల నుండి వాడుకలో ఉన్న సిస్‌లాగ్ అనే పద్ధతిలో తేదీకి నెల, రోజు ఉంటవి గాని సంవత్సరము ఉండేది కాదు, కాలమండలము ఉండేది కాదు. 2009లో వచ్చిన ప్రమాణములో ఆ రెండిటినీ చేర్చినారు. పాత పద్ధతిలో వ్రాసే పరికరములు ఇంకను ఉన్నవి. మరి కొన్ని యంత్రములు తేదీయే వ్రాయవు, 1970 జనవరి 1 నుండి గడచిన సెకన్లు వ్రాస్తవి. నూరు కోట్ల సెకన్లు అని ఒక అంకె కనిపిస్తే అది 2001 సెప్టెంబరు 9 ఉదయము, మన కాలమానములో 7 గంటల 16 నిమిషముల 40 సెకన్లు అని ఎవరు చెప్పగలరు? యంత్రము తనకు నచ్చిన కాలములో దాచుకొనవచ్చును. మనిషికి చూపేటప్పుడు భారత కాలములో, సంవత్సరముతో సహా చూపడము దానికి క్షణము పని.

హెచ్చరికల తీవ్రతకు ఆ సిస్‌లాగ్ పద్ధతిలోనే ఎనిమిది మెట్లు ఉన్నవి, సున్న నుండి ఏడు వరకు; సున్న అంటే మొత్తము వ్యవస్థ పనికిరాకుండ పోయిన అత్యవసరము, ఏడు అంటే ప్రోగ్రాము వ్రాసేవారి సొంత అవసరము. మంచి ఏర్పాటే. కాని ప్రతి సరఫరాదారు తన సందేశమే గొప్పదన్నట్లు అన్నిటికీ 'క్రిటికల్' తగిలిస్తే ఏమవుతుంది? 'నాన్నా పులి' కథ మనకందరికీ తెలుసును. రోజూ నలుబదిసార్లు అరచే పరికరమును ఉద్యోగి వినడము మానితే ఆ ఉద్యోగిని నిందించడము తేలిక. ఎవరైనా వెంటనే లేచి ఏదైనా చేయవలసి ఉంటే తప్ప మ్రోత మ్రోగరాదు. మిగిలినది నిశ్శబ్దముగా వ్రాసుకొంటే చాలును.

ఇంజనీరు మిత్రులు మాతో వాదించినారు. వారి వాదములో పస లేకపోలేదు. లక్షల పంక్తులను వెదుకవలెనంటే యంత్రమునకు అంకెలు, స్థిరమైన పేర్లు కావలెను. ప్రతి పంక్తినీ వాక్యముగా వ్రాస్తే వెదకడము కష్టము అన్నారు. నిజమే. దీనికి సమాధానము మన తంతి శాఖలోనే ఉన్నది. 2013 జూలైలో తంతి సేవ ఆగిపోయినది. అంతవరకు శుభాకాంక్షల తంతులకు అచ్చువేసిన వాక్యముల జాబితా ఉండేది, ఒక్కొక్క వాక్యమునకు ఒక్కొక్క అంకె. పంపేవారు అంకె ఎన్నుకొనేవారు. తీగ మీద పోయినది అంకె. పెండ్లి ఇంటిలో పెద్దలు చదువుకొన్నది పూర్తి వాక్యము. తంతి బంట్రోతు పోయి పెండ్లికుమార్తె తండ్రి చేతిలో వట్టి అంకె పెట్టి రాలేదు! అంకె తీగ కొరకు, వాక్యము మనిషి కొరకు. రెండూ ఉండవలెను. ఆ పని సందుసందున కూర్చున్న మన తంతి గుమాస్తాలు చేతితో చేసినారు. నేటి యంత్రములకు అది అసాధ్యమంటే మేము నమ్మము.

మరియొక అభ్యంతరము రహస్యమును గురించి. చిట్టా స్పష్టముగా ఉంటే దొంగలకు కూడ స్పష్టముగా ఉంటుందని. ఖాతాదారుని పూర్తి ఖాతా సంఖ్య, రహస్య సంకేతము, వేలిముద్ర వివరము వంటివి చిట్టాలో అసలు వ్రాయనే కూడదు. ఈ విషయములో మేము ఇంజనీర్ల పక్షమే. కాని మొరటు వ్రాత రక్షణ కాదు. కరణముగారి గొలుసుకట్టు దొంగను ఆపినదో లేదో గాని రైతును మాత్రము ఆపినది.

భాష మాటకు వస్తే, తెలుగులో కావలెనని అడుగుతున్నాము గాని ఎటువంటి తెలుగు అన్నది ముఖ్యము. బండిని ధూమశకటమని వ్రాసే తెలుగు వద్దు. పాయింటు పాయింటే, లూపు లైను లూపు లైనే, సంచి సంచే, బట్వాడా బట్వాడాయే. ఖర్గపూర్‌లోని తెలుగు ఫిట్టరుకు, గుంతకల్లులోని పోర్టరుకు, భద్రాచలము అడవిలోని బ్రాంచి పోస్టుమాస్టరుకు నోటిలో ఆడే మాటలే తెర మీద కావలెను. ఆ వాక్యములను మొదట వ్రాయవలసినది అనువాదకుడు కాదు, ఆ పని చేసేవాడు. ఏమి జరిగినది, ఎక్కడ, ఎప్పుడు, డబ్బు గాని బండి గాని ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది, నేను చేయవలసినది ఏమిటి, చేయకూడనిది ఏమిటి: కౌంటరు వద్ద నిలబడిన వరుసను చూస్తూ మనకు కావలసినవి ఇవే. ఇందులో చివరిది అన్నిటికంటె విలువైనది. 'మరల కొట్టకండి' అన్న రెండు మాటల ధర ఎంతో ఇందాక చెప్పినాము.

ఇంతలో మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నవి. కంప్యూటరు చిట్టా ఆధారముగా ఆరోపణ వస్తే ఏరి వ్రాసిన సారాంశముతో సరిపెట్టుకొనవద్దు. అసలు చిట్టాను, ఆ సంఘటనకు ముందు వెనుకల గంట గంట పంక్తులతో సహా, వ్రాతమూలకముగా అడగండి. అది ఏ కాలమానములో ఉన్నదో, యంత్రపు గడియారమును ఎప్పుడు సరిచూచినారో, ప్రతి సంకేతమునకు అర్థము ఏమిటో అడగండి. పెద్ద శిక్షల విచారణలో (తపాలా వారికి 14వ నియమము, రైల్వే వారికి 9వ నియమము) రక్షణకు అవసరమైన అదనపు పత్రములను కోరే హక్కు మీకున్నది. నిరాకరిస్తే కారణము వ్రాయవలసినది వారే. చిన్న శిక్ష నోటీసు అయితే పూర్తి విచారణ జరుపమని సంజాయిషీలోనే కోరండి. విషయము కోర్టుకు వెళ్ళితే, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము కంప్యూటరు నకలుకు ధ్రువపత్రము జతపరచవలెను. ఆ కాలములో యంత్రము సక్రమముగా పనిచేసినదా అన్నది అందులో రావలసిన విషయమే. దానిని చదువకుండ ఒప్పుకొనవద్దు.

మరియు మీ చిట్టా మీరు వ్రాసుకొనండి. తపాలాలో ఎర్రర్ బుక్కు, స్టేషనులో డైరీ, ఫెయిల్యూరు రిజిస్టరు మన పెద్దలు ఊరికే పెట్టలేదు. తెర మీద వచ్చిన పంక్తిని అక్షరము మారకుండ, మీ గడియారము చూపే సమయముతో, వెంటనే వ్రాయండి. అలన్ బేట్స్ తన కాగితములు జాగ్రత్త చేసుకొన్న మనిషి.

వచ్చే సమావేశమునకు ఒక పని అప్పగిస్తున్నాము. ప్రతి శాఖ తన పనిలో తరచుగా ఎదురయ్యే, అర్థము కాని, లేదా తప్పు అర్థము ఇచ్చే పది సందేశములను ఒక కాగితము మీద వ్రాసి తీసుకొని రావలెను. ఎడమ ప్రక్క యంత్రము చూపిన పంక్తి, ఉన్నది ఉన్నట్లు. కుడి ప్రక్క అది ఎలా ఉండవలెనో మీ మాటలలో. ఎవరికి ఎంత నష్టము కలిగినదో క్రింద వ్రాయండి, పేర్లు వద్దు. ఆ కాగితములన్నీ కుట్టి, సంప్రదింపుల సంఘపు చర్చనీయాంశములలో చేర్చవలసినదిగా కోరుతూ అధికారులకు సమర్పిస్తాము. మొదటి కాగితములో మొదటి పంక్తిని మేమే వ్రాసి ఉంచినాము: 'ఎర్రర్ 504. ట్రాన్సాక్షన్ ఫెయిల్డ్.'